గొడ్డలి బేరం

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు. సరే, గొడ్డలితోనే అయ్యే పనికి ఎలాంటి గొడ్డలి కావాలో మనకెవరైనా చెప్పారా? చీరైతే అంచూ కొంగూ పదిసార్లు తిప్పి చూస్తాం. గొడ్డలి మాత్రం మగవాళ్ళు తెచ్చి పడేసిందే!

దీపం పథకం 1999లో వచ్చింది, ఉజ్వల 2016లో వచ్చింది. అయినా పల్లెల్లో నీళ్ళపొయ్యి కింద కట్టెలు మండుతూనే ఉన్నాయి. వాటిని కొట్టేది చాలాచోట్ల ఆడదే.

కొమ్మలు అడ్డంగా నరకడానికి పలచటి గొడ్డలి చాలు. మొద్దును నిలువునా చీల్చాలంటే తల బరువుగా, చెంపలు లావుగా ఉండాలి. పలచటిది మొద్దులో ఇరుక్కుంటుంది. వెంటనే "నీకు బలం లేదే" అంటారు! లోపం ఆవిడ చేతిలో లేదండీ, ఆ ఇనుములో ఉంది.

కామలో చెక్క నార నిలువుగా, పైనుంచి కిందిదాకా సాగాలి. తల కదలకూడదు. పదును ఉండాలి, మొద్దుబారినది జారి కాలిమీదికొస్తుంది. భుజం దాకా ఎత్తి చూడండి, బరువు చేతికి లొంగాలి.

"ఆడవాళ్ళకెందుకమ్మా ఇవన్నీ?" అని కొట్టువాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి. తెగితే తెగేది అతని కాలు కాదుగా! పెరట్లో పనిమనిషి చేత కట్టెలు కొట్టించేవారైతే, ఆమెనే కొట్టుకు తీసుకెళ్ళండి. ఎంచవలసింది ఆమే.