నల్లమలలోని అడవి బంగళాలు

ఎగువ అహోబిలమునకు యాత్ర పోయిన మన విద్యార్థులు భవనాశిని వెంట నడచి, ఉగ్రస్తంభమును చూచి, అరటిపండ్లకై కోతులతో పోరాడి దిగివత్తురు. ఆ కొండల వెనుకనున్న అడవిని కాచినవారి చరిత్ర యొకటి కలదని తలచువారరుదు.

1882వ సంవత్సరమున చెన్నపురి రాజధానికి అడవుల చట్టము వచ్చెను. ఆ చట్టముక్రింద నల్లమల రిజర్వు అడవి యయ్యెను. గస్తు తిరుగు రేంజరులు రాత్రులు తలదాచుకొనుటకు బైర్లూటి, రోళ్లపెంట మొదలగు తావులందు బంగళాలు వెలసెను. నాలుగు గోడలు, ముందొక వరండా, కొంచెమెడముగా వంటిల్లు. ఇట్టి బంగళాల వైభవమంతయు సామాన్యముగా నింతియే.

పెంట యను మాట మైదానపువారికి నవ్వు తెప్పించును. చెంచులకు మాత్రమది తాము కాపురముండు గూడెము. కావున రోళ్లపెంట యను పేరే అక్కడ ముందెవరుండిరో చెప్పుచున్నది. చట్టము వచ్చినపిదప తరతరములుగా తేనె తీసిన కొండలలోనే వారు అనుమతి నడుగవలసినవారైరి. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడి వారికి అల్లుడయ్యెనని కదా ప్రతీతి! అల్లునికి బ్రహ్మోత్సవములు, మామలకు అనుమతి చీట్లు.

అడవిశాఖలో కన్సర్వేటరుగా నుండిన లషింగ్టను దొర రాజధానిలోని చెట్ల దేశభాషా నామములను కూర్చి 1915లో ప్రకటించెను. అది మెచ్చదగిన పని. నల్లమలలో పెరుగు నొక చెట్టునకు శాస్త్రజ్ఞు లాయన పేరిడి, ఎరియోలేనా లషింగ్టోనియై యనిరి. అయినను చెట్ల పేర్లు కచ్చేరీలలో పుట్టవు. అడవిలో తిరుగువారెవరో చెప్పియుండవలెను. వారి పేరు ఏ చెట్టునకును లేదు.

1983లో ఈ యడవి పులుల సంరక్షణ పథకములో చేరెను. నేడు లోపలి బేస్‌క్యాంపులలో చెంచు యువకులు కావలి కాయుచున్నారు. బైర్లూటి, పచ్చర్లలయందు సందర్శకులకు విడుదులు కూడ నేర్పడినవి. వానిని మేము కాదనము. పాత బంగళాలకు సున్నము వేయించి ప్రయాణికులకిచ్చుటతో మాత్రము చరిత్రను కాపాడినట్లు కాదని మా యభిప్రాయము. ప్రతి బంగళాలో నొక గది చెంచులకు విడువవలెను. పెంటల పేర్లు, చెట్ల పేర్లు, అడవి కాచినవారి పేర్లు అందు వ్రాయింపవలెను.

అవి చెప్పగల వృద్ధులు ఎల్లకాలముండరు. వచ్చు వేసవి సెలవులలో పై తరగతుల విద్యార్థులు పెద్దలతోడను, అధికారుల యనుమతితోడను పోయి, వారు పలికినది పలికినట్లు వ్రాసికొని రావలెను. మన పండితులు దానిని దిద్దకుందురు గాక.