ఏం తిన్నావు?

రాత్రి చారన్నం తిని పడుకున్న మనిషికి తెల్లవారుజామున అరచేతుల దురదతో మెలకువ వస్తుంది. చూస్తుండగానే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పెదవులు వాచి, గొంతు బిగుసుకుపోయి కళ్లు తిరుగుతాయి. ఆస్పత్రిలో గండం గడిచాక అందరూ అడిగేది ఒకటే: ఏం తిన్నావు? కొత్తగా తిన్నదేమీ లేదు. రక్తపరీక్షల్లో, చర్మపరీక్షల్లో ఏదీ తేలదు. ఇలా కారణం తేలని తీవ్రమైన ఎలర్జీ దాడిని డాక్టర్లు ఇడియోపతిక్ ఎనఫిలాక్సిస్ అంటారు.

ఇక ఇంట్లో విచారణ మొదలు. ముందు వంకాయ, తర్వాత గోంగూర, ఆపైన గుడ్డు, ఎండుచేప ఒక్కొక్కటే కంచంలోంచి తప్పుకుంటాయి. పెళ్లికెళ్లినా పెరుగన్నంతో సరి. ఎంతకీ ముద్దాయి దొరక్కపోతే అనుమానం రోగి మీదికే మళ్లుతుంది, ‘అంతా నీ భయమే’ అంటూ. భయం ఉంటుంది మరి. ఊపిరాడని రాత్రి ఒక్కటి చూసినా చాలు, మళ్లీ పడుకోవాలంటే గుండె దడే.

ఎనఫిలాక్సిస్ వైద్యానికి కొత్తేమీ కాదు. 1901లో మొనాకో రాజు ఓడ మీద మొదలుపెట్టిన ప్రయోగాల్లో శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవుల విషాన్ని కుక్కలకిచ్చి చూశారు. మొదటిసారి తట్టుకున్న కుక్క కొన్ని వారాల తర్వాత స్వల్ప మోతాదుకే ప్రాణం విడిచింది. కాపాడాల్సిన శరీరమే ఎదురు తిరుగుతుందని లోకానికి తెలిసింది అలాగే. రిషేకు 1913లో నోబెల్ వచ్చింది. కారణం దొరకని కేసులు మాత్రం నేటికీ మిగిలే ఉన్నాయి.

అలాగని వెతకడం దండగేం కాదు. గొర్రెమాంసం తిన్న కొన్ని గంటలకు ఎలర్జీ వచ్చేవారున్నారు. గోధుమరొట్టె తిని వ్యాయామం చేస్తేనే వచ్చేవారూ ఉన్నారు. నొప్పి మాత్ర కూడా కారణం కావచ్చు. కాబట్టి తిన్నదీ వేసుకున్నదీ కుట్టినదీ రాసిపెట్టుకుని నిపుణుడికి చూపించాల్సిందే. ఆయనా తేల్చలేకపోతే మాత్రం, ఊహల మీద పథ్యం పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు.

కారణం తెలిసినా తెలియకపోయినా ప్రాణం నిలిపే మందు ఒకటే, అడ్రినలిన్. తొడ బయటివైపు కండలో వెంటనే పడాలి. మన ఊళ్లలో ఏవిల్, డెక్సా ఇంజెక్షన్లతో సరిపెట్టడం అలవాటు. దురద తగ్గించే ఏవిల్ పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేదు. డెక్సా పనిచేయడానికి గంటలు పడుతుంది. రోగిని నడిపించుకెళ్లడం మరో పొరపాటు. పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా పెట్టి 108కు ఫోన్ చేయాలి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వవచ్చు, నిలబెట్టకూడదు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు కనుక, ‘బాగానే ఉందిగా’ అని వెంటనే ఇంటికి వచ్చేయడం మంచిది కాదు.

చాలామందిలో ఈ దాడులు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుముఖం పడతాయి. అప్పటిదాకా మందు దగ్గరుండాలి. అడ్రినలిన్ ఆంపూల్ చవకే, కానీ తొడకు ఆనించి నొక్కితే చాలే ఆటో ఇంజెక్టర్ మన మందుల షాపుల్లో సులువుగా దొరకదు. అది అందేలా ప్రభుత్వాలు చూడాలి. ఈలోగా, డిశ్చార్జి చేసేముందు ఆస్పత్రులు ఇంట్లో ఒకరికైనా ఆంపూల్ విరిచి, డాక్టరు చెప్పిన మోతాదు సిరంజిలోకి తీసి, తొడకు ఇవ్వడం నేర్పి పంపవచ్చు.