చూసినవారి మాట: హాప్ సింగ్‌కు సెలవెప్పుడు?

పోయిన నెల ఈ పేజీలో బొనాంజా అనే పాత అమెరికన్ టెలివిజన్ ధారావాహికలో ఒక భాగం పేరు ఇచ్చి, ఇంటిల్లిపాదీ చూసి అభిప్రాయం రాయవలసిందని కోరాం. ఊహించినదానికంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అన్నీ వేయడానికి చోటు చాలదు కనుక కొన్నిటిని కుదించి, కొన్నిటిని కలిపి ఇస్తున్నాం. ఉత్తరం వేయలేకపోయిన వారు కోపగించుకోవద్దు.

చూడనివారి కోసం నాలుగు ముక్కలు. కౌబాయ్ అనగానే మనలో చాలామందికి 1971లో వచ్చిన కృష్ణ గారి 'మోసగాళ్లకు మోసగాడు' గుర్తొస్తుంది. టోపీ, గుర్రం, తుపాకీ, నిధి. బొనాంజా ఆ బాపతు కాదు, ఇది సంసారపక్షంగా సాగే కథ. 1959 సెప్టెంబరు నుంచి 1973 జనవరి దాకా ఎన్.బి.సి. వారు ప్రసారం చేశారు. నెవాడాలో వర్జీనియా సిటీ అనే వెండిగనుల ఊరు, ఆ ఊరి అవతల పాండరోసా అనే పెద్ద పశువుల క్షేత్రం, దాని యజమాని బెన్ కార్ట్‌రైట్, ముగ్గురు భార్యలకు పుట్టిన ముగ్గురు కొడుకులు. భార్యలు ముగ్గురూ పోయారు. ఇంట్లో ఆడదిక్కు లేదు. వంటా వార్పూ అంతా హాప్ సింగ్ అనే చీనా వంటవాడిదే.

మనం చూసిన భాగం 'ది ఫియర్ మర్చెంట్స్', అంటే భయాన్ని సరుకుగా అమ్ముకునేవాళ్లు. 1960 జనవరి 30న వచ్చింది. మేయరు పదవికి నిలబడ్డ ఫుల్మర్ అనే పెద్దమనిషి చీనావాళ్ల మీదికి జనాన్ని ఎగదోసి ఓట్లు దండుకోవాలని చూస్తాడు. అంతలో ఒక తెల్లపిల్ల చనిపోతుంది. నేరం హాప్ సింగ్ బంధువుల కుర్రవాడి మీద పడుతుంది. కార్ట్‌రైట్‌లు అతని పక్షాన నిలబడతారు, చివరికి నిజం బయటపడుతుంది.

రూవి నుంచి ఒక ఇంజినీరు గారు ఇలా రాశారు: "బెన్ కార్ట్‌రైట్ లాంటి అర్బాబ్ దొరికితే ఇక మనకు భయమేమిటండీ!" నవ్వుకున్నాం గాని, మాట నిజమే. ఈ కథలో ఆ కుర్రవాడిని కాపాడింది చట్టం కాదు, పక్కనున్న పెద్ద భూస్వామి. పాండరోసాలో చుట్టం లేని చీనావాడి గతి ఏమిటో చరిత్ర చెబుతుంది. పక్కనే ఉన్న కాలిఫోర్నియాలో ఒక చీనా గనికార్మికుణ్ణి చంపాడని హాల్ అనే తెల్లవాడికి శిక్ష పడింది. సాక్ష్యం చెప్పినవాళ్లు చీనావాళ్లు కనుక ఆ సాక్ష్యం చెల్లదని 1854లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. 1882లో చీనా కూలీలు దేశంలోకే రాకూడదన్న చట్టం చేశారు. దాన్ని ఎత్తివేసింది 1943లో. ఆ తర్వాత పదిహేడేళ్లకు వచ్చింది ఈ భాగం. ఆ లెక్కన చూస్తే ఆ మాత్రం కథ రాయడానికి కూడా కొంత ధైర్యం కావలసిందే.

ఘాలా నుంచి ఒక అకౌంటెంటు గారి ఉత్తరం వేరే రకం. ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఈ సంవత్సరంతో ముగిసిందట. ఆ స్థానంలోకి ఒమానీ యువకుడు వచ్చాడట. "ఫుల్మర్ ఉపన్యాసం వింటుంటే నాకు వచ్చిన కాగితమే చదువుతున్నట్టుంది" అన్నారు. వారి బాధ మాకు తెలియనిది కాదు, మనలో ఎవరికైనా రేపు ఆ కాగితం రావచ్చు. కాని ఈ పోలికకు మేం ఒప్పుకోం. 1970లో ఈ దేశం మొత్తం మీద మూడంటే మూడు బడులు ఉండేవి. ఆ తరవాత బడులూ కాలేజీలూ పెట్టి చదివించుకున్న పిల్లలకు ఉద్యోగాలు కావాలని 1988 నుంచి ఒక విధానంగా అడుగుతున్నారు. మన ఊళ్లో అయితే మనమూ అడుగుతాం. ఫుల్మర్ అడిగింది ఉద్యోగం కాదు. ఒక జాతిని చూసి భయపడమని అడిగాడు. ఈ రెంటినీ ఒక గాట కడితే ఫుల్మర్ చేసిన పాపం తేలికైపోతుంది. అయ్యా, మీకు తెలిసిన లెక్కల పని కావలసినవారు మన సంఘంలోనే ఇద్దరు ముగ్గురున్నారు. ఒకసారి ఈ పేజీవారిని కలవండి.

తెలుగు సంఘానికి ఈ ఇంగ్లీషు గుర్రాల గోల ఎందుకని సోహార్ నుంచి ఒకరు కోప్పడ్డారు. వారి కోసం ఉగాది సంచికలో 'మాయాబజార్' పెడతాం.

ఇక అసలు ఉత్తరం. ఇండియన్ స్కూల్లో పదో తరగతి చదువుతున్న అమ్మాయి రాసింది, అదీ చక్కని తెలుగులో. "కథంతా హాప్ సింగ్ మనవాడు, మన కుటుంబం అంటారు. మరి భోజనాల బల్ల దగ్గర అతనికి కుర్చీ ఎందుకు లేదు? టైటిల్సులో నలుగురు గుర్రాల మీద వస్తారు. అతను ఎందుకు రాడు?"

ఈ ప్రశ్న ఇంకెవరూ వేయలేదు. పెద్దవాళ్లందరం ఫుల్మర్‌ని తిట్టడంలో పడ్డాం. అది సులువు. ఫుల్మర్ మన ఇంట్లో ఉండడు గదా!

అమ్మాయీ, నీ ప్రశ్నకు ఇంకొంచెం చేరుస్తాం. ఆ పాత్ర వేసిన విక్టర్ సెన్ యుంగ్ 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. బర్కిలీలో చదివాడు, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వైమానిక దళంలో పనిచేశాడు. అతని ఇంగ్లీషు నీ ఇంగ్లీషంత సుబ్బరంగా ఉంటుంది. తెర మీద వినిపించే ఆ వచ్చీరాని ముక్కలు పాత్ర కోసం పలికినవి. అతను ఆ మాటలు పలికితేనే చూసేవాళ్లు చీనావాడని నమ్మారన్నమాట. 1972లో అతను ప్రయాణిస్తున్న విమానాన్ని దుండగులు దారి మళ్లిస్తే, అక్కడ జరిగిన కాల్పుల్లో తూటా తగిలి బతికి బయటపడ్డాడు. 1980లో సొంత ఇంట్లోనే గ్యాసు లీకై పోయాడు. అంత్యక్రియలప్పుడు అతని గురించి మాట్లాడినవాడు పెర్నెల్ రాబర్ట్స్, అంటే కథలో పెద్దకొడుకు ఆడమ్. ఆ ధారావాహికను అతను 1965లోనే వదిలి వెళ్లిపోయాడు. అయినా వంటమనిషి వేషం వేసినవాడి కోసం వచ్చి నిలబడ్డాడు.

అల్ ఖువైర్ నుంచి ఒక సోదరి రాసినది ఆమె అనుమతితో పూర్తిగా వేస్తున్నాం, ఊరి పేరు మాత్రం తీసేసి.

"మా ఇంట్లో నాలుగు కుటుంబాలం కలిసి చూశాం. హాప్ సింగ్ నోరు విప్పినప్పుడల్లా పిల్లలు పడీపడీ నవ్వారు. మా చిన్నవాడు అతన్ని అనుకరించాడు. అక్కడితో ఆగలేదు. మా ఇంట్లో పని చూసే ఆవిడ కోనసీమ మనిషి, మాట చివర 'ఆయ్' అంటుంది. వాడు అదీ అందుకున్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నాకెందుకో చివుక్కుమంది. టీ కప్పులు ఇచ్చేసి ఆవిడ లోపలికి వెళ్లలేదు, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చివరిదాకా చూసింది. ఇంగ్లీషు రాదు. అయిపోయాక అందరూ ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుతుంటే నన్ను మెల్లిగా అడిగింది: 'ఆ వంటాయన ఊరెప్పుడెళ్తాడండీ?' నాకు జవాబు తెలియలేదు. ఆవిడకు రెండేళ్లకోసారి సెలవు. పోయిన వేసవిలో రావలసింది. మా పెద్దదాని పరీక్షలున్నాయి, కొంచెం ఆగమన్నాం. ఆగింది. ఊళ్లో ఆవిడ కూతురికీ పరీక్షలే. ఆ రాత్రి మావారూ నేనూ క్యాలెండరు తీసి కూర్చున్నాం."

అందరి అభిప్రాయాల్లోకీ ఆ గుమ్మం దగ్గరి ప్రశ్నే మాకు గట్టిగా తోచింది. మనం ఈ దేశంలో ఫ్యామిలీ వీసాల మీద భార్యాబిడ్డలతో ఉన్నాం. సెలవు ఆలస్యమైతే మేనేజరుకు అర్జీ రాస్తాం, అదీ కాకపోతే ఉద్యోగమే మారతాం. 2021 జనవరి నుంచి అందుకు పాత యజమాని ఎన్.ఓ.సి. కూడా అక్కర్లేదు. ఖద్దామా వీసా మీద ఒంటరిగా వచ్చిన ఆవిడ అర్జీ పెట్టుకోవలసిన మేనేజరు ఎవరు? మనమే. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇలా వచ్చిన ఆడవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. సంఘం సభ్యుల జాబితాలో మాత్రం వాళ్ల పేరు ఒక్కటీ లేదు. సభ్యత్వ రుసుము కుటుంబానికి ఇంత అని పెట్టాం గదా, ఆ కుటుంబంలో వాళ్లు లెక్కకు రారు. ఈ నెల కార్యవర్గ సమావేశంలో ఈ సంగతి ఎత్తుతామని కార్యదర్శి గారికి ముందే చెప్పాం. ఆయన కాదనలేదు. అవుననీ అనలేదు.

ఆవిడ ప్రశ్నకు జవాబు ఉంది, సోదరీ. చెప్పండి. హాప్ సింగ్ అలిగినప్పుడల్లా పని మానేసి వెళ్లిపోతానంటాడు గాని, వెళ్లడు. అతని సెలవు చుట్టూ అల్లిన కథ ఒకటి 1972 జనవరి 2న వచ్చింది. పేరు 'ది లోన్లీ మ్యాన్'. ఏటా ఇచ్చే సెలవులో ఏటి ఒడ్డున బంగారం జల్లించుకుందామని బయలుదేరతాడు. అక్కడ ఒక తెల్లామె పరిచయమవుతుంది. ఇద్దరూ పెళ్లి చేసుకుందామనుకుంటారు. చట్టం ఒప్పుకోదు. అటువంటి చట్టం నెవాడాలో నిజంగానే ఉండేది, 1959లో గాని రద్దు కాలేదు.

వచ్చే నెలకు ఆ భాగమే చూడండి. ఉత్తరాలు పదో తేదీలోగా అందాలి. ఇంగ్లీషు రానివారు పక్కనుంటే, చూస్తున్నప్పుడే కథ తెలుగులో చెప్పండి. వాళ్లన్న మాటలు కూడా రాసి పంపండి, వాటికి చోటు ముందే అట్టేపెట్టాం.