ఇంటి కరెంటు లెక్కలు: అమ్మకిచ్చిన ఇస్త్రీపెట్టె

ఈ నెల మన పేజీలో వంట లేదు, లెక్కలున్నాయి. కంగారు పడకండి. ఒక హెచ్చవేత, ఒక భాగహారం, అంతే.

కిందటిసారి ఇండియా వెళ్లినప్పుడు అమ్మ కోసం అమెరికా ఇస్త్రీపెట్టె ఒకటి పట్టుకెళ్లాం. తేలిగ్గా ఉంటుంది, చెయ్యి నొప్పెట్టదు కదా అని. ప్లగ్గుకు అడాప్టరు తగిలించి గోడకు గుచ్చాం. నిమిషం తిరక్కుండానే కమురు వాసన, ఫట్‌మని చప్పుడు, ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటి. అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి దాని మీద లేదు కాబట్టి సరిపోయింది. "ఫారిన్ సరుకు కదర్రా, ఇక్కడి గాలి పడలేదేమో" అన్నది. మేమిద్దరమూ ఇంజనీర్లమే! తల ఎత్తుకోలేకపోయాం.

పెట్టె మీద రాసే ఉంది: 120 వోల్టులు, 10 ఆంపియర్లు. రెంటినీ హెచ్చవేస్తే వాట్లు, 1200. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఓములు, 12. హైస్కూల్లో 'నిరోధం' అని బట్టీపట్టింది ఇదే, కరెంటుకు తీగ పెట్టే అడ్డు. ఏ దేశం తీసుకెళ్లినా ఈ 12 పెద్దగా మారదు. మారేది గోడలోని వోల్టేజి. ఇండియాలో అది 230. దాన్ని 12తో భాగిస్తే 19 ఆంపియర్ల పైచిలుకు. మళ్లీ 230తో హెచ్చవేస్తే సుమారు 4,400 వాట్లు! వోల్టేజి రెట్టింపైనా కాలేదు, వేడి మాత్రం మూడున్నర రెట్లు దాటింది. వోల్టేజితోబాటు కరెంటు కూడా పెరగడం వల్ల వచ్చిన తంటా ఇది. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే గాని వోల్టేజిని మార్చదు.

అటునుంచి తెచ్చుకునే వస్తువులది తిరగేసిన కథ. బకెట్లో నీళ్లు కాచే 1000 వాట్ల రాడ్డుకు నిరోధం దాదాపు 53 ఓములు. ఇక్కడి 120 వోల్టులకు అది ఇచ్చేది 270 వాట్లే. నీళ్లు కాగేసరికి ఆఫీసు టైము దాటిపోతుంది.

మిక్సీకి ఈ భాగహారం పనిచెయ్యదు. మోటారు తిరుగుతూ తనే కరెంటుకు ఎదురు తోస్తుంది. దానికి వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావలసిందే. మొదలెట్టేటప్పుడు మోటారు ఎక్కువ లాగుతుంది కనుక 500 వాట్ల మిక్సీకి 1000 వాట్లదైనా కొనండి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు. గ్రైండర్‌తో ఇంకో చిక్కు. ఇండియాలో కరెంటు 50 సైకిల్స్, ఇక్కడ 60. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చలేదు. రాయి కాస్త వేగంగా తిరుగుతుంది, మోటారు వేడెక్కుతోందేమో చూసుకుంటుండాలి.

చలికాలంలో గారెల పిండి రుబ్బేవారికి ఒక మాట. 1500 వాట్ల రూమ్ హీటరు పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. అదే లైను మీద మిక్సీ వేస్తే ఇంకో నాలుగు పైన. బ్రేకరు 15 ఆంపియర్లదైతే పడిపోవచ్చు. పడిందని పెద్ద బ్రేకరు మార్పించకండి, గోడలో తీగ కాలుతుంది. హీటరు ఆపి రుబ్బుకోండి.

సెలవులకు ఇండియా వెళ్లేవారు పెట్టె సర్దేముందు వస్తువు మీది చీటీ చదవండి. 100-240 అని ఉంటే బెంగలేదు. ఒక్క 120 అనే ఉంటే ఇక్కడే వదిలేసి, అమ్మకు అక్కడి బజార్లోనే కొనివ్వండి. మేము మర్నాడు చేసిన పని అదే.