గుండె కొవ్వుకు స్కాన్ కాదు, నడుముకు టేపు

మన కోనసీమలో కాస్త బొజ్జ ఉన్న మగవాణ్ని చూసి ఎవరూ కంగారు పడరు. కలిగిన ఇంటి మనిషి అనుకుంటారు. కాళ్లూ చేతులూ సన్నగా ఉంటే ఆయనకూ ధీమాయే, ‘నాకు కొవ్వెక్కడిదండీ’ అంటారు. పొట్ట లోపల పేగుల చుట్టూ ఉంటుంది. దానికో తోడుదొంగ కూడా ఉంది, గుండె చుట్టూ చేరే కొవ్వు.

గుండె మీద కొంత కొవ్వు అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. అది గుండెకు శక్తినిస్తుంది, రక్తనాళాలకు మెత్తలా ఉంటుంది. మందమైతేనే చిక్కు. గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు ఈ కొవ్వులోంచే సాగుతాయి, మధ్యలో అడ్డుపొర లేదు. పెరిగిన కొవ్వు ఊరకే ఉండదు. వాపును రగిలించే రసాయనాలను వదులుతుంది, అవి పక్కనే ఉన్న ధమని గోడకు తగులుతాయి. ఒక వింత చెప్పాలి. కొందరిలో ఈ ధమని కొంత దూరం కొవ్వును వదిలి గుండె కండరంలోకి దూరి, మళ్లీ పైకి వస్తుంది. ఆ దూరిన ముక్కలో పూడిక అరుదు. రక్తం పారే తీరు కూడా అందుకు కారణం కావచ్చు. అయినా ఆలోచించాల్సిన సంగతే.

అమెరికాలో మీసా అనే పెద్ద అధ్యయనం 2009లో ఇదే కొవ్వును లెక్కగట్టింది. బరువు, బీపీ, షుగరు వంటివి పక్కన పెట్టి చూసినా ఈ కొవ్వు ఎక్కువున్న వారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువగానే కనిపించింది. దొంగ అదేనా, దొంగ పక్కన నిలబడ్డదా అన్న వాదన వైద్యుల్లో ఇంకా నడుస్తోంది. నన్నడిగితే ఆ తీర్పు వచ్చేదాకా మనం ఆగనక్కర్లేదు.

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు రాసి చూస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులే. కోనసీమ అప్పుడు తూర్పు గోదావరిలోనే ఉంది. పట్నం జబ్బు అనే మాట అప్పటికే చెల్లిపోయింది. రాజోలులో అర్ధరాత్రి ఛాతీ బిగిస్తే ముందు గ్యాస్ మాత్ర, తర్వాత అమలాపురం, అక్కణ్నుంచి కాకినాడో రాజమండ్రో. దారిలో గోదావరి పాయలు. పోయే ప్రతి నిమిషానికీ కొంత గుండె కండరం చచ్చిపోతుంది.

ఇది చదివి స్కాన్ సెంటరుకు పరుగెత్తకండి. ఎకోలో, సీటీలో ఈ కొవ్వు కనిపిస్తుంది గానీ, దాని కోసమే పరీక్ష చేయించుకుంటే చేసే వైద్యం మారదు. దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడుమ, ఊపిరి వదిలాక కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోండి. పొట్ట తగ్గితే గుండె మీది కొవ్వూ పలచబడుతుంది. అందుకు మందుల కన్నా ముందు కాలువ గట్టు మీద రోజూ అరగంట చురుకైన నడక, పళ్లెంలో సగం తగ్గిన అన్నం, ఆ చోట కూరగాయలు, పప్పు. ఆత్రేయపురం పూతరేకు పండక్కి తినండి, వారం వారం వద్దు.

ముప్పై దాటిన వారి కోసం ఆశా కార్యకర్త తెచ్చే ఫారంలో నడుము కొలతకు ఒక గడి ఉంది. ఆవిడ టేపు తీస్తే నవ్వేసి చేలోకి వెళ్లిపోకండి. ఆ గడిలో అంకె రాయించుకోండి. మీ ఇంటావిడది కూడా.