పడిన సంగతి ఇంటికి చెప్పండి

ఆగస్టులో మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. డాన్యూబ్ ఒడ్డున బెంచీ మీద పదకొండేళ్ళ పిల్లవాడు, ఎడమ చేతికి పిండికట్టు, కుడి చేతిలో ఐస్‌క్రీము. మన సభ్యుల కుటుంబమే. నలుగురూ పస్సావ్ నుంచి వియన్నాకు సైకిళ్ళ మీద బయల్దేరితే, గ్రైన్ ఊరి దగ్గర కంకరలో చక్రం జారి వాడు పడ్డాడు. మణికట్టు విరిగింది. సాయంత్రానికల్లా ఆ ఫొటో రేపల్లె చేరింది. చేరవేసిందెవరో నేను రాయను, మీ అందరికీ తెలుసు. అప్పటికి వాళ్ళ నాయనమ్మకు సైకిల్ యాత్ర సంగతే తెలియదు. ఆస్ట్రియాలో హోటల్లో ఉన్నామని చెప్పారట. వాళ్ళ అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను.

ఆ మూడు రోజులూ గ్రూపులో జరిగింది చర్చ కాదు, పంచాయతీ. పసిపిల్లల చేత అంత దూరం తొక్కిస్తారా అని కొందరు. ఆ సెలవుల్లో ఇంటికెళ్ళి పెద్దవాళ్ళను చూసి రావచ్చు కదా అని ఇంకొందరు. రెండోదానికి ఎవరి జవాబు వాళ్ళ దగ్గర ఉంటుంది. ఆగస్టులో నలుగురికి విమాన టికెట్లు ఎంతో తెలిసినవాళ్ళు ఆ మాట అనరు.

మొదటిది మాత్రం అన్యాయం. పస్సావ్ నుంచి వియన్నా సుమారు 320 కిలోమీటర్లు. ఏటివాలునే దారి, పెద్దగా ఎత్తుపల్లాలు లేవు, చాలాచోట్ల కార్లతో సంబంధం లేని బాట. ష్లోగెన్ దగ్గర నది వెనక్కి తిరిగే వంపులో సైకిళ్ళతో సహా పడవ ఎక్కి ఆవలి ఒడ్డుకు పోవచ్చు. మెల్క్ దాటితే వాఖావ్ ఆప్రికాట్ తోటలు. పిల్లలున్న కుటుంబాలు వారం రోజుల్లో తాపీగా తొక్కే దారి అది. ఇక్కడి బడుల్లో మన పిల్లలకు నాలుగో తరగతిలోనే సైకిలు పరీక్ష పెడతారు. మనకెవరు పెట్టారు? తెనాలి కాలవగట్ల మీద అద్దె సైకిలు తెచ్చి, సీటు అందక ఫ్రేములోంచి కాలు పెట్టి తొక్కిన మనమా భయం గురించి చెప్పేది! కృష్ణ కరకట్ట మీద ఇసుక లారీల పక్కన తొక్కినవాళ్ళు ఈ సంఘంలో సగం మంది ఉన్నారు.

నా బాధ వేరు. మర్నాడు ఫోనులో ఆ నాయనమ్మ అన్నది ఇది: "పడితే పడ్డాడు. మీ నాన్న పడలేదా, నువ్వు పడలేదా? నాకు చెప్పటానికేం వచ్చింది?" ఆ కోపంలోనే ఆవిడ దాచిందీ బయటపడింది. మే నెలలో తాతయ్యకు గుంటూరులో స్టెంటు వేశారు. కొడుకుకు తెలియదు. ఆ వారమంతా వీడియో కాల్ మాట్లాడుతూనే ఉన్నాడు. తాతయ్య వెనక గోడకు ఇంట్లో ఉండే వెంకట్రామా క్యాలెండరే కనబడేది. దాన్ని ఇంటి నుంచి తెప్పించి ఆసుపత్రి గదిలో తగిలించారు.

ఈ ఇంటిది ఒక్కటే అనుకోకండి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద. అంతకు మించింది రికార్డుల్లో లేదు. కొల్లూరు లంకలు మునిగాయి. కరకట్ట మీద ఇసుక బస్తాలు పడుతుంటే మన అమ్మానాన్నలు ఫోనులో "ఇక్కడేం లేదు, మీరు తిన్నారా?" అన్నారు. రెండు వారాలు తిరక్కుండానే దిగువ ఆస్ట్రియా మొత్తాన్ని వరద విపత్తు ప్రాంతంగా ప్రకటించారు. ఆ వైపు ఉద్యోగాలున్న మన వాళ్ళు ఇంటికి చెప్పింది కూడా అదే: ఇక్కడేం లేదు.

కంగారు పడతారని దాస్తాం అంటారు. ఒప్పుకోను. వాళ్ళు అడిగే నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక మనకు లేదు, అంతే. దాచడం వాళ్ళు నేర్చుకున్నది మన దగ్గరే. దయచేసి బయల్దేరేముందు చెప్పండి. ఏ రాత్రి ఏ ఊళ్ళో ఆగుతారో రాసి పంపండి. మెల్క్ ఎక్కడుందో తాతయ్య మనవరాలి చేత ఫోనులో వెతికించుకుంటారు, ఆయనకూ కాలక్షేపం. అలాగే ఊళ్ళో మీకు నిజం చెప్పే మనిషిని ఒకరిని చూసుకోండి. మందుల షాపు స్నేహితుడో, ఎదురింటి పిన్నిగారో. సంఘం సభ్యత్వ పత్రంలో స్వస్థలంలో అత్యవసర ఫోన్ నంబరు అనే గడి సగం మంది ఖాళీగా వదిలేశారు. చందా కట్టేటప్పుడు అదీ నింపండి. ఇది మాత్రం బతిమాలి అడుగుతున్నాను.

వచ్చే వేసవికి ఈ దారి పట్టేవాళ్ళకు రెండు మాటలు. ఆస్ట్రియాలో పన్నెండేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. పస్సావ్ సరిహద్దులో తనిఖీలుంటాయి, భారత పాస్‌పోర్టుతో పాటు నివాస కార్డూ దగ్గరుంచుకోండి. రైల్లో సైకిళ్ళకు చోటు ముందే బుక్ చేసుకోండి.

ఇక సంఘం సంగతులు. వినాయక చవితికి వంట బాధ్యత మోసిన బాపట్ల బృందానికి ధన్యవాదాలు. పులిహోర చాలలేదన్న ఫిర్యాదులు అందాయి, వచ్చే ఏటికి గుర్తుంచుకుంటాం. తెలుగు బడి మళ్ళీ మొదలైంది. పిల్లల్ని వేళకు దింపండి, వేళకు తీసుకెళ్ళండి.

చివరగా, క్రిస్మస్ సెలవులకు ఇంటికి వెళ్ళేవాళ్ళు డిసెంబరు 28 ఆదివారం తెల్లవారుజామున బాపట్ల రండి. అక్కణ్ణుంచి సూర్యలంక దాకా, సుమారు తొమ్మిది కిలోమీటర్లు, పిల్లలతో కలిసి తొక్కుదాం. నాయనమ్మలు, అమ్మమ్మలు, తాతయ్యలు వెనక ఆటోల్లో వస్తారు. నవంబరు 15లోగా కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. సైకిళ్ళు అక్కడ చూస్తాం, పిల్లల హెల్మెట్లు మాత్రం ఇక్కణ్ణుంచే తెచ్చుకోవాలి.