ఇంటి సర్వరులో చోటు ఎక్కడికి పోయింది?



1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా తరం వారికి నేటికీ గుర్తే. ఆ నీటిలో మా అబ్బాజాన్ ఉత్తరాలన్నీ సిరా చెదిరి చదువుటకు వీలులేనివయ్యాయి. అందుచేత ఆయన చివరి రోజులలో చెప్పిన కుటుంబ వృత్తాంతాలను ఆయన స్వరంలోనే రికార్డు చేసి ఉంచుకున్నాము. ఇంటిలోని పాత కంప్యూటరును మా మేనల్లుడు సర్వరుగా మార్చి, డాకర్ సాయంతో ఫోటోలకు ఒక కంటైనరు, ఆ రికార్డింగులకు ఒకటి, వాకిలి కెమెరాకు మరొకటి ఏర్పాటు చేశాడు.

గత నెలలో ఒక ఉదయం ఫోటోలు ఎక్కడం ఆగిపోయింది. 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అన్న సందేశం వచ్చింది. 240 గిగాబైట్ల డిస్కు పూర్తిగా నిండింది. రికార్డింగుల కంటైనరు దానంతట అదే ఆగిపోయి ఉంది.

"ఒక్క ఆదేశంతో ఖాళీ చేసేస్తాను మామూ" అంటూ మేనల్లుడు 'డాకర్ సిస్టమ్ ప్రూన్' అని టైపు చేశాడు. ఆ ఆదేశం పని మొదలుపెట్టే ముందు తెరపై ఒక హెచ్చరిక చూపి అనుమతి కోరుతుంది. "అక్కడేమి వ్రాసి ఉన్నదో చదువు బేటా" అన్నాను. పిల్లలచేత బిగ్గరగా చదివించే అలవాటు నాకు ఇంటివద్ద కూడా పోలేదు. మొదటి పంక్తిలోనే ఉంది: ఆగి ఉన్న కంటైనర్లన్నీ తొలగింపబడతాయి. అతడి చేయి ఆగింది.

విషయమేమిటంటే, ఇమేజ్ అనేది ప్రోగ్రాము నడవడానికి కావలసిన సరంజామా, అది మారదు. కంటైనరు నడుస్తూ కొత్తగా వ్రాసేదంతా దానిపైనున్న పలుచని పొరలోకి చేరుతుంది. కంటైనరును తొలగిస్తే ఆ పొర కూడా పోతుంది. వాల్యూమ్‌లో పెట్టిన సమాచారమైతే నిలుస్తుంది. మరి అబ్బాజాన్ స్వరం ఎక్కడ ఉన్నట్లు? 'డాకర్ ఇన్‌స్పెక్ట్' అని అడిగి, 'మౌంట్స్' అన్న భాగం చూశాము. ఖాళీగా ఉంది! ఏర్పాటు చేసిన నాడు వాల్యూమ్ కలపడం మరచిపోయాడన్నమాట. అదృష్టవశాత్తు ఆగి ఉన్న కంటైనరు నుండి కూడా 'డాకర్ సీపీ'తో ఫైళ్లను బయటకు తీయవచ్చు. డిస్కులో చోటు లేదు గనుక పెన్‌డ్రైవులోకి తీశాము.

ఆ తరువాతనే చోటు తిన్నదేదో వెదికాము. 'డాకర్ సిస్టమ్ డీఎఫ్' ఇమేజ్‌లు, కంటైనర్లు, వాల్యూమ్‌లు, బిల్డ్ క్యాష్‌ల లెక్క చెబుతుంది. లాగ్ ఫైళ్ల లెక్క మాత్రం అందులో కలవదు. అందుకే ఆ మొత్తానికీ డిస్కు లెక్కకూ పొంతన కుదరలేదు. డాకర్ ఫోల్డరులోని 'కంటైనర్స్' విభాగాన్ని 'డీయూ'తో కొలిస్తే ఒక్క లాగ్ ఫైలే 58 గిగాబైట్లు! వాకిలి కెమెరా వైరు ఎప్పుడో ఊడిపోయింది. దానిని చేరలేకపోతున్నానని ఆ కంటైనరు రాత్రింబవళ్లు వ్రాసుకుంటూనే ఉంది. హద్దు మనం పెట్టకపోతే డాకర్ మామూలు లాగ్ ఫైలు పెరుగుతూనే పోతుంది.

కంటైనరు నడుస్తుండగా ఆ ఫైలును తొలగించినా చోటు తిరిగి రాదు. తెరచి పట్టుకున్న ప్రోగ్రాము విడిచేవరకు డిస్కు దానిని వదలదు. మేము 'డీమన్.జేసన్'లో 'మ్యాక్స్-సైజ్' 10 మెగాబైట్లు, 'మ్యాక్స్-ఫైల్' 3 అని వ్రాసి, డాకర్‌ను పునఃప్రారంభించాము. అంతటితో సరిపోదు. ఈ హద్దు కొత్తగా సృష్టించిన కంటైనర్లకే వర్తిస్తుంది గనుక అన్నింటినీ తీసివేసి మళ్లీ సృష్టించవలసి వచ్చింది. పాత లాగ్ కూడా దానితోపాటే పోయింది. ఈ పని చేయబోయేవారు ముందుగా ప్రతి కంటైనరుకూ 'మౌంట్స్' చూసుకోవలెను. లేదంటే చోటుతోపాటు సమాచారమూ పోతుంది.

కెమెరా వైరు ఇంకా బిగించలేదు. ఆ సాయంత్రం పెన్‌డ్రైవు పెట్టి రికార్డింగులన్నీ వరుసగా విన్నాము. మూడవదానిలో అబ్బాజాన్ మాట మధ్యలో, చాయ్ చల్లారిపోతోందని వంటగదిలోనుండి అమ్మీజాన్ పిలవడం వినిపిస్తుంది.